వినిపించని హోరు, అడిగే రుజువు: మాజీ సైనికుల కర్ణనాదం – వైకల్య పరీక్ష చరిత్ర

వ్యాససంగ్రహం:
చెవిలో నిరంతరం మోగే శబ్దం బాధితుడికి తప్ప మరెవరికీ వినిపించదు. సైనిక వైకల్య పింఛను మాత్రం నమోదైన సాక్ష్యంపై నడిచే వ్యవస్థ. ఈ రెండింటి మధ్య దూరాన్ని పూరించవలసింది ఎవరు? బాధితుడా, ప్రభుత్వమా? ఆయుర్వేద గ్రంథాల నుంచి తెలుగు ధ్వన్యనుకరణ పదాల వరకు, కంపెనీ కాలపు సిపాయి నుంచి 2023 నాటి నిబంధనల వరకు ఈ ప్రశ్న ఎలా సాగివచ్చిందో పరిశీలించడం, ఆ వెలుగులో వైద్యమండలి పరీక్షకు సిద్ధపడడం అంటే ఏమిటో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: కర్ణనాదం, మాజీ సైనికులు, వైకల్య పింఛను, వైద్యమండలి, రుజువు భారం, ధ్వన్యనుకరణ పదాలు, చందనవెల్లి.

1. ఉపోద్ఘాతం:
రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలంలోని చందనవెల్లి చేవెళ్ల ప్రాంతపు గ్రామం. హైదరాబాదు నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా బీజాపూర్ వైపు సాగే రహదారి ఈ ప్రాంతానికి ప్రధాన మార్గం. అదే మార్గంలో నగరం వైపు వెళితే గోల్కొండ దగ్గర 1962లో ఏర్పడిన ఫిరంగిదళ శిక్షణ కేంద్రం ఉంది. ఒకవైపు మెట్ట సేద్యపు పల్లెలు, మరొకవైపు ఫిరంగి శిక్షణ. ఈ రెండింటి మధ్య దూరం కొన్ని పదుల కిలోమీటర్లే.

చందనవెల్లి వంటి ఊరినుంచి ఫిరంగిదళంలో చేరి, పదిహేడేళ్లు పనిచేసి, నలభై దాటకముందే ఇంటికి తిరిగివచ్చిన జవానును ఒకరిని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్క వ్యక్తి కథా కాదు. నిబంధనలు పనిచేసే తీరును చూడడానికి పెట్టుకున్న ఉదాహరణ మాత్రమే. పగలు పొలం పనుల్లో అతనికి ఏమీ తెలియదు. రాత్రి ఊరు సద్దుమణిగాక చెవిలో సన్నని కూత మొదలవుతుంది. నిద్ర పట్టదు. నలుగురిలో కూర్చున్నప్పుడు మాట సగమే అందుతుంది. ఇంట్లోవాళ్లు పరధ్యానం అనుకుంటారు. చేయి పోయినవాడికి తన గాయం గురించి చెప్పుకోవలసిన పని లేదు. ఇతనికి చెప్పుకోవడం తప్ప వేరే దారి లేదు. ఆ చెప్పుకోవడానికి రాజ్యం ఏ విలువ ఇచ్చిందన్నదే ఇక్కడి చర్చనీయాంశం.

2. శబ్దానికి పేర్లు:
2.1 శాస్త్రగ్రంథాలలో:
ఈ బాధకు భారతీయ వైద్యంలో పాతకాలం నుంచే పేరుంది. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం ఇరవయ్యో అధ్యాయం ఇరవైయెనిమిది కర్ణరోగాలను లెక్కించింది. వాటిలో కర్ణనాదం, కర్ణక్ష్వేడం, బాధిర్యం వేర్వేరు వ్యాధులుగా కనిపిస్తాయి. మాధవనిదానం కర్ణనాదాన్ని భేరి, మృదంగం, శంఖం వంటి ధ్వనులతో పోల్చింది. క్ష్వేడాన్ని వేణునాదంతో పోల్చింది. అంటే లోపల మోగే శబ్దాలన్నీ ఒకటి కావనీ, శబ్దపు తీరును బట్టి వ్యాధిని వేరుచేయాలనీ ఆ వైద్యులు గుర్తించారు. రోగి మాటే అక్కడ ప్రధాన లక్షణం. వైద్యుడు వినలేని దాన్ని రోగి వర్ణించాలి. వైద్యుడు ఆ వర్ణనను నమ్మి నిదానం చేయాలి.

2.2 వాడుక తెలుగులో:
వాడుక తెలుగుకు ఈ విషయంలో ధ్వన్యనుకరణ పదాల సంపద ఉంది. గాలివాన వంటి లోతైన శబ్దం 'హోరు'. తుమ్మెద ఎగిరినట్లుంటే 'ఝుమ్మనడం'. పేలుడు విన్న వెంటనే కలిగేది 'గింగురుమనడం'. ఆగకుండా సాగే శబ్దం 'గుయ్యిమనడం'. సన్నగా, పదునుగా వినిపిస్తే 'కీచుమనడం'. పల్లెల్లో దీన్ని ఇలకోడి కూతతో పోల్చి చెబుతారు. నాడితోపాటు వినిపించేది 'దడదడ'.

ఇవి పర్యాయపదాలు కావు. పెద్ద శబ్దాల వల్ల దెబ్బతిన్న చెవిలో సాధారణంగా మోగేది హెచ్చుస్థాయి ధ్వని. తెలుగులో అది కీచుకు, ఇలకోడి కూతకు దగ్గర. నాడితో లయ కలిసే శబ్దమైతే రక్తనాళాల పరీక్ష అవసరమవుతుంది. ఒక్క చెవిలోనే నిలిచిపోయిన మోత వెనుక శ్రవణనాడి మీద పెరిగే కణితి ఉందేమో చూడవలసి వస్తుంది. జవాను నోట వచ్చే ఒక్కో పదం వైద్యుడికి ఒక్కో దారి చూపగలదు. అయితే వైద్యమండలి పత్రంలో ఈ పదాలన్నీ 'టిన్నిటస్' అనే ఒకే మాటగా కుదించుకుపోతాయి. మోగడమనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చిన పదమది. ఈ అనువాదంలో జారిపోయేది భాషాసౌందర్యం మాత్రమే కాదు, వైద్యసమాచారం కూడా.

3. సిపాయి శరీరం, రాజ్యపు లెక్క:
3.1 కంపెనీ కాలం:
తెలుగునేలకూ సైనికవృత్తికీ ఉన్న బంధం ఒక పదంలోనే మిగిలి ఉంది. 18వ శతాబ్దిలో మద్రాసు వైపునుంచి ఉత్తరాదికి వెళ్లిన సిపాయిలను అక్కడివారు 'తిలంగాలు' అన్నారు. క్రమంగా ఆ మాట ఏ ప్రాంతపు సిపాయికైనా వర్తించే సాధారణ నామమైంది. 1857 నాటి ఢిల్లీలోనూ సిపాయిలను అలాగే పిలిచారు.

కంపెనీ తన సైనికులకు పింఛను ఆలోచన తొందరగానే చేసింది. 1770లో నెలకొన్న క్లైవ్ నిధి ఐరోపా సైనికులకూ వారి వితంతువులకూ ఉద్దేశించింది. బెంగాల్ సైన్యంలోని దేశీయ సిపాయిల కోసం 'ఇన్వలిడ్ ఠాణా'ల పేరుతో భూములిచ్చి స్థిరపరిచే పద్ధతి వచ్చింది. గాయపడినవాడు, వయసు ఉడిగినవాడు, కవాతుకు పనికిరానివాడు ఈ ఏర్పాట్లకు అర్హులు. ఈ వర్గాలన్నీ కంటికి కనిపించే శరీరాన్ని ఆధారం చేసుకున్నవే. బారు తుపాకుల, ఫిరంగుల మధ్య బతికిన ఆ సిపాయిల చెవులు బాగుండి ఉంటాయని ఎవరూ అనుకోలేరు. అయినా కనిపించని గాయానికి ఆ లెక్కలో ప్రత్యేకమైన గడి లేదు.

3.2 రుజువు భారం చేతులు మారిన కాలం:
రెండో ప్రపంచయుద్ధం ఈ విషయంలో ఒక మలుపు. పశ్చిమ గోదావరిలోని మాధవరం 'మిలటరీ మాధవరం'గా పేరుపొందడానికి కారణమైన యుద్ధాలలో అదొకటి. బ్రిటన్‌లో 1943లో యుద్ధపింఛను విధానం మారింది. తన జబ్బు సైనికసేవ వల్లనే వచ్చిందని సైనికుడు నిరూపించుకోవాలన్న పద్ధతి పోయి, రాలేదని చూపవలసిన భారం ప్రభుత్వం మీద పడింది. అదే ఏడాది పింఛను అప్పీలు ట్రిబ్యునళ్ల చట్టం వచ్చింది. 'సహేతుక సందేహం' అంటే ఏమిటో 1947లో మిల్లర్ కేసులో న్యాయమూర్తి డెన్నింగ్ వివరించాడు. న్యాయశాస్త్ర విద్యార్థులు నేరవిచారణ సందర్భంలో తరచూ తలచుకునే ఆ వివరణ నిజానికి ఒక సైనిక పింఛను వివాదంలో పుట్టింది.

స్వతంత్ర భారతంలో 1961 నాటి సైనిక పింఛను నిబంధనలలోని 173వ నిబంధన రెండు షరతులు పెట్టింది. వైకల్యం సైనికసేవ వల్ల కలిగినదో, దానివల్ల ముదిరినదో అయి ఉండాలి. దాని పరిమాణం కనీసం 20 శాతం ఉండాలి. 1982 జనవరి 1 నుంచి అమలైన అర్హతా నియమాలు దీనికి మానవీయమైన పునాది వేశాయి. చేరినప్పుడు నమోదైన లోపాలు తప్ప సైనికుడు ఆరోగ్యవంతుడేనని భావించాలని ఐదో నియమం చెప్పింది. అర్హతను నిరూపించుకోమని అతణ్ణి అడగరాదనీ, సహేతుక సందేహం ఉంటే దాని లబ్ధి అతనికే చెందాలనీ తొమ్మిదో నియమం స్పష్టపరిచింది. బ్రిటిష్ మార్పుతో దీని భావసామ్యం తేటతెల్లం.

3.3 కోర్టు చెప్పినది, నియమాలు మార్చినది:
ఆచరణలో వైద్యమండళ్లు 'సేవతో సంబంధం లేదు' అని ఒక్క వాక్యంలో తేల్చివేయడం వివాదాలకు దారితీసింది. 2013 జూలై 2న ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ ధోరణిని తప్పుపట్టింది. అది చెవికి సంబంధించిన కేసు కాదు. సిగ్నల్స్ దళ సైనికుడి మూర్ఛవ్యాధికి సంబంధించినది. కానీ సూత్రం అన్నిటికీ వర్తించేది: చేరినప్పుడు జబ్బు నమోదు కాకపోతే అది సేవలో పుట్టినట్లే భావించాలి, కాదనే మండలి కారణాలు రాయాలి. 2014లో రామ్ అవతార్ కేసులో వైకల్య శాతాన్ని పై అంచెకు సవరించే లబ్ధిని పూర్తికాలం పనిచేసి విరమించినవారికీ కోర్టు వర్తింపజేసింది. ఈ సవరణలో 50 లోపు శాతాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉన్నదాన్ని 75గా, ఆపైన ఉన్నదాన్ని 100గా లెక్కిస్తారు. నూరు శాతం వైకల్యానికి చివరి వేతనంలో 30 శాతం వైకల్య భాగంగా వస్తుంది గనుక, 20 శాతం వైకల్యానికి వచ్చేది 6 శాతం. దాన్ని 50కి సవరిస్తే 15 శాతం. పల్లెకు తిరిగివచ్చిన జవాను ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. 19 శాతం దగ్గర ఆగిపోయిన సాధారణ విరమణదారుకు మాత్రం ఈ లెక్కలో స్థానం లేదు.

ఇదే కాలంలో నియమాలలో మరో మార్పు వచ్చింది. 2008 జనవరి 1 నుంచి వర్తించిన అర్హతా నియమాలు సాధారణంగా రుజువు అడగరాదన్న మాటను నిలుపుకొంటూనే ఒక మినహాయింపు చేర్చాయి. విరమించిన పదిహేనేళ్ల తర్వాత, నిర్ణీత గడువు తీరి సేవాపత్రాలు నాశనమైపోయాక హక్కు కోరితే, నిరూపించవలసిన భారం సైనికుడిదే. పత్రాలను భద్రపరిచేది, గడువు తీరాక నాశనం చేసేది ప్రభుత్వం. అవి లేని లోటును పూరించవలసినది సైనికుడు. వయసుతోపాటు ముదిరే చెవి జబ్బు విషయంలో ఈ పదిహేనేళ్ల గీత ఎంత కఠినమో వేరే చెప్పనక్కరలేదు. 2023 సెప్టెంబరు 21 నుంచి వచ్చిన కొత్త నియమాలు, వైకల్యంతోనే సేవ పూర్తిచేసి విరమించేవారి విషయంలో 'డిజేబిలిటీ' భాగం స్థానంలో 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్' అనే పేరును ప్రవేశపెట్టాయి. వైకల్యం లోపంగా మారింది, పింఛను ఉపశమనమయింది. పింఛను అన్న మాటలో హక్కు ధ్వనిస్తుంది, ఉపశమనం అన్న మాటలో దయ ధ్వనిస్తుంది. పాలనాభాషను పరిశీలించేవారు ఆలోచించవలసిన మార్పు ఇది.

4. చెవిని కొలిచిన పద్ధతులు:
పెద్ద చప్పుడు వల్ల చెవుడు వస్తుందన్న ఎరుక పాతదే. కంచరుల చెవులు వృత్తివల్ల దెబ్బతినడాన్ని ఇటలీ వైద్యుడు రమజ్జినీ 18వ శతాబ్ది ఆరంభంలోనే రాశాడు. కొలిచే పరికరాలు ఆలస్యంగా వచ్చాయి. శ్రుతిదండంతో చేసే వెబర్ పరీక్ష 1834 నాటిది, రిన్నే పరీక్ష 1855 నాటిది. విద్యుత్ శ్రవణమాపకాలు 1920 దశకంలో వాడుకలోకి వచ్చాయి.

మన సైన్యంలో నేటికీ నిలిచివున్న సులభ పద్ధతి గుసగుస పరీక్ష. అభ్యర్థి వైద్యుడికి వీపు పెట్టి నిలబడితే, 610 సెంటీమీటర్ల దూరంనుంచి పలికే గుసగుసను ఒక్కో చెవితో విడిగా వినగలగాలి. శ్రవణమాపకం ఇంకా సూక్ష్మమైనది. పెద్ద చప్పుళ్ల వల్ల దెబ్బతిన్న చెవి పటంలో 4,000 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట కనిపిస్తుంది. కుడిభుజానికి తుపాకి ఆనించి కాల్చేవారిలో గొట్టంవైపు ఉండే ఎడమచెవి ఎక్కువగా దెబ్బతింటుంది. ఆ గుంట సేవ చేసిన చేతిరాత వంటిది. అయితే శ్రవణమాపకం కొలిచేది వినపడనిదాన్ని. కర్ణనాదం దీనికి తలకిందులు. లేని శబ్దం వినపడడం అది.

ఈ ఖాళీని పూరించడానికి ప్రయత్నాలు లేకపోలేదు. యంత్రం వినిపించే ధ్వనులలో తన చెవిలోని మోతకు సరిపోయేదాన్ని రోగిచేత గుర్తింపజేసే పద్ధతి ఒకటి. నిద్ర, ఏకాగ్రత, కుంగుబాటు వంటి విషయాలపై 25 ప్రశ్నలతో 1996లో వెలువడిన ప్రశ్నావళి మరొకటి. ఇవి కూడా చివరికి రోగి జవాబుమీదే ఆధారపడతాయి. అమెరికా మాజీ సైనికుల పరిహార పట్టికలో కర్ణనాదానికి 6260 సంఖ్యతో ప్రత్యేక స్థానం ఉంది. మోత ఒక చెవిలో ఉన్నా రెండింటిలో ఉన్నా 10 శాతమే. మొత్తం తక్కువే కావచ్చు, కానీ సైనికుడి మాటను అది ఒక ఆధారంగా అంగీకరించింది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వినికిడి వైకల్యాన్ని డెసిబెల్స్‌లోనే నిర్వచించింది. రెండు చెవులలో మాట వినే స్థాయి 60 డెసిబెల్స్ దాటకపోతే ఆ నిర్వచనంలోకి రావడం సాధ్యం కాదు. రాత్రంతా మేలుకొనే మనిషి పగలు పరీక్షలో 'వినగలిగినవాడు'గా తేలవచ్చు.

5. మౌనం రాసిన చరిత్ర:
సైనికుడి ఆరోగ్యాన్ని 'షేప్' అనే ఐదక్షరాల పద్ధతిలో వర్గీకరిస్తారు. అందులో రెండో అక్షరం వినికిడిది. ఏ అక్షరంలో స్థాయి తగ్గినా పదోన్నతికీ, శిక్షణ కోర్సులకూ, కోరుకున్న నియామకానికీ ఆటంకం రావచ్చు. అందువల్ల ఫిరంగి పేలాక చెవి గింగురుమన్న జవాను సిక్ రిపోర్టు చేయడానికి వెనుకాడతాడు. తోటివారందరికీ అలాగే ఉంటుంది గనుక అదొక జబ్బని కూడా అనుకోడు. దళంలో ఓర్పు మెచ్చుకోదగిన గుణం. మోతను ఓర్చుకోవడమూ అందులో భాగమే.

విరమణ సమయంలో పరిస్థితి తిరగబడుతుంది. విడుదల వైద్యమండలి ఎ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్-16 అనే పత్రం నింపుతుంది. జబ్బు ఎప్పుడు, ఎక్కడ మొదలైంది, సేవవల్ల వచ్చిందా, ముదిరిందా, సంబంధం లేదా అన్నవి అందులోని ప్రశ్నలు. జవాబుల కోసం మండలి పాత పత్రాలు చూస్తుంది. వాటిలో ఏమీ ఉండదు. ఉద్యోగాన్ని కాపాడిన మౌనమే ఇప్పుడు హక్కుకు అడ్డు నిలుస్తుంది. చట్టం రుజువు భారాన్ని ప్రభుత్వంమీద మోపినా, బరాక్ సంస్కృతి దాన్ని తిరిగి సైనికుడి భుజాలకే ఎత్తింది. నియమాల చరిత్రను మాత్రమే చదివితే ఈ సంగతి కనిపించదు.

6. పరీక్షకు సిద్ధపడడం:
ఈ నేపథ్యంలో పరీక్షకు సిద్ధపడడమంటే నటన నేర్చుకోవడం కాదు. పోయిన సాక్ష్యాన్ని నిజాయితీగా తిరిగి కూర్చడం.

6.1 పత్రాలు: చేరినప్పటి వైద్యపరీక్ష ఫలితం, వార్షిక పరీక్షలు, సిక్ రిపోర్టులు, పాత శ్రవణపటాలు ఉంటే వాటి నకళ్లు సేకరించుకోవాలి. ఏ ఫిరంగి మీద, ఏ రేంజిలో, ఎన్నేళ్లు పనిచేశారో, చెవిరక్షణ ఇచ్చారో లేదో కాలక్రమంలో రాసుకోవాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇటువంటి దరఖాస్తులలో సహాయపడుతుంది.

6.2 వర్ణన: మోత ఎప్పుడు మొదలైంది, ఏ చెవిలో, ఆగి ఆగి వస్తుందా, నాడితో కలుస్తుందా అన్నవి ముందే ఆలోచించుకోవాలి. కీచుమంటుందా, హోరుమంటుందా అన్నది తెలుగులోనే రాసుకొని వెళ్లడం మేలు. అడిగినప్పుడు గదిలోని తొందరకు మాట తడబడదు. 'చాలా బాధగా ఉంది' అనడంకన్నా 'రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్రపట్టదు' అనడం ఎక్కువ చెబుతుంది. భార్య, సహోద్యోగి గమనించిన విషయాలు కూడా విలువైనవే.

6.3 పరీక్షగది: శ్రవణపరీక్షకు ముందురోజు నుంచే ట్రాక్టరు, బోరు ఇంజను, టపాకాయలు వంటి పెద్ద చప్పుళ్లకు దూరంగా ఉండాలి. అటువంటి చప్పుళ్లు వినికిడిని తాత్కాలికంగా తగ్గించి ఫలితాన్ని తారుమారు చేస్తాయి. గులిమి ఉంటే వైద్యుడిచేత ముందే తీయించుకోవాలి. వినపడిన ధ్వనిని వినపడలేదనడం పనికిరాదు. పరీక్షను మరోసారి చేసినప్పుడు పొంతన కుదరదు. రోగి జవాబు అవసరంలేని పరీక్షలూ ఉన్నాయి. ఒక అబద్ధం దొరికితే నిజమైన కర్ణనాదం కూడా దానితోపాటే కొట్టుకుపోతుంది.

6.4 ఫలితం తర్వాత: మండలి పత్రంలో కారణాలు రాశారో లేదో చూడాలి. తిరస్కరణపై మొదటి అప్పీలు, రెండో అప్పీలు కమిటీలు ఉన్నాయి. ఆపైన 2007 చట్టంతో ఏర్పడి 2009 నుంచి పనిచేస్తున్న సాయుధబలగాల ట్రిబ్యునల్ ఉంది. పదిహేనేళ్ల గీతను గుర్తుపెట్టుకోవడం అన్నిటికన్నా ముఖ్యం.

7. అదే ఊరు, మరో చెవి:
చందనవెల్లిలో ఇటీవలి కాలంలో పారిశ్రామికవాడ వెలిసింది. అందువల్ల ఈ చర్చ మాజీ సైనికుడి దగ్గర ఆగదు. శబ్దం వల్ల కలిగే వినికిడి లోపాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తెలియజేయవలసిన వ్యాధులలో చేర్చింది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టపు మూడో షెడ్యూలు వృత్తివ్యాధుల్లో చేర్చింది. ఇక్కడా చట్టాల భాష వినికిడి లోపానిదే. యంత్రం పక్కన పనిచేసే కార్మికుడికి సైనికుడికున్న సేవాపత్రమూ, విడుదల వైద్యమండలీ లేవు. కాంట్రాక్టు కూలీ అయితే నేడు ఒకచోట, రేపు మరోచోట. ఎక్కడ దెబ్బతిన్న చెవి అని అడిగితే చూపించడానికి అతనికి ఒక కాగితమైనా ఉండదు. ఇన్ని లోపాలతోనైనా సైనికుడికి దక్కిన 'సందేహ లబ్ధి' ఎంత విలువైనదో ఈ పోలికలోనే అర్థమవుతుంది.

8. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు:
• కర్ణనాదాన్ని ప్రాచీన వైద్యం రోగి వర్ణన ఆధారంగా గుర్తించింది. ఆధునిక పరిహార వ్యవస్థ కొలతకు లొంగే వినికిడి లోపానికి ప్రాధాన్యమిచ్చి వర్ణనను పక్కకు నెట్టింది.
• తెలుగు ధ్వన్యనుకరణ పదాలు వైద్యపరంగా ఉపయోగపడే భేదాలను చెప్పగలవు. సైనిక, కార్మిక వైద్యపరీక్షలలో వాటిని యథాతథంగా నమోదుచేసే తెలుగు ప్రశ్నావళి రూపొందితే ఆ సమాచారం జారిపోదు. ఇది భాషాశాఖలు, వైద్యకళాశాలలు కలిసి చేయదగిన పని.
• 1982 నియమాలు రుజువు భారాన్ని సైనికుడి మీదనుంచి తొలగించాయి. 2008 నాటి పదిహేనేళ్ల మినహాయింపు దానిలో కొంత తిరిగి మోపింది.
• సేవాకాలపు మౌనం సేవానంతర హక్కును దెబ్బతీస్తుంది. కాబట్టి పరీక్షకు సిద్ధపడడం విరమణనాడు కాక, చెవి మొదటిసారి గింగురుమన్న రోజునే మొదలుకావాలి.

ఆ మోతను ఇంకొకరికి వినిపించే యంత్రం లేదు. మన ఉదాహరణలోని జవాను వైద్యమండలి ముందు కూర్చున్నప్పుడు అతని దగ్గర ఉండేవి రెండే: కొన్ని కాగితాలు, తన మాట. కాగితాలు లేనిచోట మాటను నమ్మాలని 1982 నాటి నియమం చెప్పింది. ఆ నియమపు స్ఫూర్తి నిలుస్తుందా లేదా అన్నది మండలి తన పత్రంలో రాసే కారణాలే తేల్చాలి.